మాంత్రికుడి తల్లి

ఆట ఆడించేవాడు ఆట చూస్తాడా అనే సందేహం నాకు చాలా ఏళ్ళుగా ఉంది. పొద్దున్నే దేవుడి పటం ముందు దీపం పెట్టి కళ్ళు మూసుకున్నప్పుడు కూడా ఇదే అడగాలనిపిస్తుంది. స్వామీ, ఇంత లోకాన్ని నడిపిస్తున్నావు, తీరిగ్గా కూర్చుని దీన్ని చూసే వీలు నీకు ఎప్పుడైనా చిక్కిందా? ధర్మం చెప్పే ఒక పెద్దాయన్ని అడిగితే, భగవంతుడు సర్వసాక్షి నాయనా, ఆయన చూడనిది లేదు అన్నారు. కాదనే చదువు నాకు లేదు. అయితే నా సందేహం చదువులోంచి వచ్చింది కాదు, ఉద్యోగంలోంచి వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళు నేను సినిమా హాల్లో ఆపరేటరుగా చేశాను. ఆడించిన వాటిలో ఒక్క సినిమా కూడా నేను సరిగ్గా చూడలేదు.

ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. రోజుకు నాలుగు ఆటలు టికెట్ లేకుండా చూసేవాడివి, నీదే రాజయోగం అనేవాళ్ళు. క్యాబిన్‌లో రెండు మెషిన్లు ఉండేవి. ఒకదాంట్లో రీలు నడుస్తుంటే వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు అరిగేకొద్దీ దగ్గరికి జరుపుకోవాలి, అయిపోయిన రీలు వెనక్కి చుట్టాలి, తర్వాతి రీలు రెండో మెషిన్‌కి ఎక్కించి పెట్టుకోవాలి. రీలు ముగిసేముందు తెర కుడిమూల పైన చిన్న చుక్క మెరుస్తుంది. మొదటి చుక్కకి మోటారు వెయ్యాలి, రెండో చుక్కకి ఆ వెలుగు మూసి ఈ వెలుగు తెరవాలి. ఆ చుక్క కోసం గోడకున్న చిన్న కిటికీ అద్దంలోంచి కళ్ళప్పగించి చూసే ఆఖరి నిమిషమే నేను చూసిన సినిమా. పదహారు రీళ్ళంటే పదహారు నిమిషాలు. అదీ మూగసినిమా. మెషిన్ల రొదలో మాట వినబడేది కాదు. క్యాబిన్‌లో ఉన్న చిన్న స్పీకరు నేను చేరకముందే చెడిపోయింది. రేపు బాగుచేయిస్తానని మేనేజరు నేను మానేసే రోజు దాకా అంటూనే ఉన్నాడు.

అలా ఆడించినవాటిలో కత్తి సినిమా ఒకటి. దానికి నోరు తిరగని పెద్ద పేరు ఉంది గానీ అందరూ కత్తి సినిమా అనేవాళ్ళు. మా హాలుకి వచ్చేసరికే అది పాతది, నలుపు తెలుపు. కొత్తవి దొరక్క మేనేజరు రెండు వారాలకని తెప్పిస్తే నూట నలభై రోజులు ఆడింది. రాజ్యం పోగొట్టుకున్న ఒక యువకుడు, కొండగుహలో ఒక మాంత్రికుడు, మనిషిని కాక మనిషి నీడను నరికే కత్తి. మాంత్రికుడి ఒంటికి ఏ ఆయుధమూ తగలదు, వాడి నీడను నరికితేనే వాడు చస్తాడు. పిల్లలు వీధుల్లో కర్రలు పట్టుకుని ఒకళ్ళ నీడల్ని ఒకళ్ళు నరుక్కునేవాళ్ళు. ఆ నూట నలభై రోజులతో నాకు ఊళ్ళో ఒక పేరు వచ్చింది. కత్తి సినిమా గురించి ఏ తగువు వచ్చినా ఆపరేటర్ని అడగండి అనేవాళ్ళు. నేను కూడా గొంతు సవరించుకుని చెప్పేవాణ్ణి.

చూడకుండా ఎలా చెప్పావంటే, దానికి మా డబ్బా ఉంది. డబ్బా అంటే మా చెల్లెలి కూతురు. చెల్లెలి భర్త చిన్న వయసులోనే పోయాడు, చెల్లెలు మా హాల్లోనే టికెట్లు ఇచ్చేది. బడి నుంచి వచ్చిన పిల్లని కౌంటర్లో కూర్చోబెట్టుకుంటే మేనేజరు ఊరుకోడు. అందుకని నా క్యాబిన్‌లోకి తోసేసి వెళ్ళేది. అప్పుడు దానికి ఆరేళ్ళు. ఖాళీ రీలు డబ్బా మీద ఎక్కి, ఆగి ఉన్న మెషిన్ పక్క అద్దంలోంచి సినిమా చూసేది. చూస్తూ ఊరుకోదు. నేను కడ్డీలు జరుపుతుంటే చొక్కా పట్టి లాగి, చెవిలో అరిచి కథ చెప్పేది. ఇప్పుడేమైందో తెలుసా మామయ్యా, వాడు గుర్రం దిగాడు, వాడి నీడ మాత్రం దిగలేదు. డబ్బా మీద కూర్చుంటుంది, డబ్బా కొడుతుంది, అందుకని మా ఇంటావిడ దానికి డబ్బా అని పేరు పెట్టింది. నాకు తెలిసిన కత్తి సినిమా అంతా అది చెప్పిందే.

ఆ పిల్లకి ఇప్పుడు ముప్పై ఎనిమిది. ఎడిటింగ్ నేర్చుకుని పద్నాలుగేళ్ళు ఒకళ్ళ కింద ఒకళ్ళ కింద పనిచేసింది. చెల్లెలు పోయి ఆరేళ్ళయింది, బిడ్డ పేరు తెర మీద పెద్ద అక్షరాల్లో చూడకుండానే పోయింది. పోయిన ఏడాది ఒక నిర్మాత కత్తి సినిమాని కొత్తగా తీద్దామనుకుని, ఎవరెవరినో అడిగి, చివరికి దర్శకత్వం దీని చేతిలో పెట్టాడు. పాత ప్రింటు ఒకటే దొరికింది. అందులో పదకొండు, పన్నెండు రీళ్ళు లేవు. కథ తెలుసుకుందామని పాటల పుస్తకం సంపాదిస్తే అందులో సగం కథ రాసి, మిగతాది వెండితెర మీద చూసి ఆనందించండి అని ఉంది. చూసి ఆనందిద్దామంటే ఆ రీళ్ళే లేవు కదా అత్తయ్యా అని మా ఇంటావిడతో చెప్పి నవ్వింది. ఒకప్పుడు కథ తనే చెప్పేది కాబట్టి కాబోలు, నన్ను మాత్రం అడగలేదు. పోయిన రీళ్ళ చోట ఏం తీయాలో ఆలోచించి, ముందూ వెనకా అతికేటట్టు చిన్నగా ఒక యుద్ధం తీసి పెట్టింది.

సినిమా పూర్తయ్యాక ఒక ఆదివారం మా ఇంటికి వచ్చింది. వంటగట్టు మీద ఎక్కి కూర్చుని అసలు సంగతి చెప్పింది. నిర్మాతకి ధైర్యం చాలడం లేదట. పాత సినిమా చూసినవాళ్ళని అయిదుగురిని పిలిచి చూపిస్తాడట. వాళ్ళు ఔనంటే అది తీసినట్టే, దాని పేరుతోనే హాళ్ళకు వెళుతుంది. కాదంటే ఇంకో దర్శకుడికి అప్పగించి మార్పులు చేయిస్తాడు, అప్పుడు పెద్ద పేరు అతనిది. ఆ అయిదుగురిలో మొదటి పేరు నాదే. నూట నలభై రోజులు ఆడించినాయన మాట మీదే అంతా ఉంది అన్నాడట.

ఇది పోతే మళ్ళీ ఒకళ్ళ కింద పనేనని చాలా మామూలుగా అంది. చేత్తో మాత్రం గట్టు మీద లేని మరకని తుడుస్తూనే ఉంది. నా మొహం చూసి, "నువ్వేం మెచ్చుకోనక్కర్లేదు మామయ్యా. ఉన్నది ఉన్నట్టు చెప్పు చాలు" అంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే అప్పుడే చెప్పి ఉండాలి. అమ్మాయీ, నేను ఆ సినిమా చూడలేదే అనాలి. నోటి దాకా వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఊరికే వచ్చిన పెద్దరికం అది, ఊరికే వదులుకోబుద్ధి కాలేదు. సరేనమ్మా అన్నాను.

చూపించిన రోజు పొద్దున నేను దీపం దగ్గర మామూలు కంటే ఎక్కువసేపు నిలబడ్డాను. సినిమా బాగుండాలని కోరుకోలేదు. బాగుందో లేదో ఈపాటికే తేలిపోయి ఉంటుంది, అయిపోయినదాన్ని మార్చమని దేవుణ్ణి అడగడం ఏం మర్యాద? నా నోటి వెంట ఆ పిల్లకి చెరుపు చేసే మాట రాకుండా చూడమని మాత్రం అడిగాను. మా ఇంటావిడ వెనక నుంచి, ఆయన్ని నిలబెట్టి మాట్లాడించింది చాలు, బస్సు ఆగదు అంది.

అది పందొమ్మిది కుర్చీల చిన్న హాలు. కుర్చీలో పడితే లేవడం కష్టం, అంత మెత్తన. నాతోబాటు మా పాత టైలరు, లెక్కల టీచరమ్మ, నాకు ముఖపరిచయం మాత్రమే ఉన్న ఇద్దరన్నదమ్ములు వచ్చారు. మా డబ్బా వెనక గోడకి ఆనుకుని నిలబడింది. నిర్మాత ముందు వరసలో అడ్డంగా తిరిగి కూర్చున్నాడు. తెర చూడటానికి కాదు, మా మొహాలు చూడటానికి.

నిజం చెప్పాలంటే ఒక సినిమా ముందు కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా, మాటలతో సహా చూడటం నాకు అలవాటు లేదు. పది నిమిషాలకోసారి కన్ను తెర కుడిమూలకి పోయేది. చుక్క పడలేదు. పడదని తెలుసు, ఇప్పుడు రీళ్ళు ఎక్కడివి? అయినా చెయ్యి కుర్చీ పిడి మీద కదిలేది.

సినిమా ఎలా ఉందంటే, ఏం చెప్పను? కత్తులు తళతళా మెరిశాయి గానీ వాటికి బరువు లేదు. చీపురుపుల్ల తిప్పినట్టు తిప్పారు. మాంత్రికుడు కుర్రవాడు, అందగాడు, గొంతు పెంచకుండా మాట్లాడతాడు. పాతవాడు రీలు పొడుగునా నవ్వేవాడని అందరూ అంటారు. ఎగిరే పాము పొలుసులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు, అంత వివరంగా ఉంది. లెక్కపెట్టాను కూడా, అంటే భయం వెయ్యలేదన్నమాట. కానీ నీడలు బాగున్నాయి. నిజం దీపం పెట్టి తీయించానని డబ్బా ముందే చెప్పింది. నీడ గోడ మీదికి పాకుతుంటే నా వీపు మీద ఏదో పాకినట్టయింది. ఒకచోట కథానాయకుడు మొదటిసారి ఒకణ్ణి చంపి కత్తి తుడవబోతే గుడ్డ చేతిలోంచి జారి కింద పడిపోతుంది. వంగి తీసుకోడు. అక్కడ నేను కుర్చీలో ముందుకు జరిగాను. మంచిదా చెడ్డదా అంటే, కొన్నిచోట్ల మంచిది, కొన్నిచోట్ల ఖాళీ. పాతదానికంటేనా అంటే, తూచడానికి రెండో తట్టలో వెయ్యడానికి నా దగ్గర ఏముంది? ఆరేళ్ళ పిల్ల మాటలున్నాయి.

దీపాలు వెలిగాయి. టీ ఇచ్చారు. టైలరు ముందు మాట్లాడాడు. బట్టలు బాగున్నాయి, భుజాల దగ్గర కుట్టు చక్కగా కూర్చుంది, కానీ ఏదో వెలితిగా ఉంది అన్నాడు. టీచరమ్మ కూడా వెలితి అంది. అన్నదమ్ములు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, మీరు చెప్పండి అని నావైపు చూపించారు. నిర్మాత కుర్చీ లాక్కుని నా ముందుకొచ్చి కూర్చున్నాడు. ఆ వెలితేమిటో మీరు చెప్పగలరు పెద్దాయనా అన్నాడు.

నాకు ఒక మాట దొరికింది. దొరికినందుకు సంతోషం కూడా వేసింది. పిల్లకి సాయం చేసే మాటే అనుకున్నాను, ఒక్కటి చేరిస్తే సినిమా నిండిపోతుందని.

"అంతా బాగానే ఉంది బాబూ. మాంత్రికుడి తల్లిని ఎందుకు తీసేశారో తెలియలేదు" అన్నాను.

తల్లా అన్నాడు నిర్మాత. నేను చెప్పాను. పదకొండో రీల్లో వస్తుంది. ముసలావిడ, కొండంతా ఎక్కి గుహ దగ్గరికి వస్తుంది, చేతిలో దుప్పటి ఉంటుంది. ఒరే, చీకటి పడుతోంది, ఇంక చాల్లేరా, ఇంటికి పోదాం పద అంటుంది. వాడు మంత్రాలు నేర్చుకోవడానికి బదులుగా అమ్మ ముఖం జ్ఞాపకాన్ని ఇచ్చేశాడు. అందుకని, ఎవరమ్మా నువ్వు, దారి తప్పావా అంటాడు. ఆవిడ తల్లినని చెప్పదు. దుప్పటి గుహ ముందు మడిచి పెట్టి దిగిపోతుంది. ఆ రాత్రి చలేస్తే వాడు దాన్నే కప్పుకుంటాడు, ఎవరిదో తెలియకుండా. టీ కొట్టు దగ్గర, టైలరు కొట్లో, బస్టాపులో, ఎన్నిసార్లు చెప్పానో ఆ ముక్క.

టైలరు తొడ మీద చరిచాడు. అదీ, అదే తక్కువైంది అన్నాడు. అన్నదమ్ముల్లో పెద్దాయన, ఆ సీనుకి మా అమ్మ హాల్లోంచి లేచి వెళ్ళిపోయిందండీ, చూడలేక అన్నాడు. టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఎర్ర దుప్పటి అంది.

వెనక గోడ దగ్గర నుంచి మా డబ్బా గొంతు వచ్చింది. "టీచరుగారూ, అది నలుపు తెలుపు సినిమా."

"అయితేనేమమ్మా, ఎరుపు తెలియదా?" అంది టీచరమ్మ.

ఎవరూ నవ్వలేదు. డబ్బా ముందుకొచ్చింది. పాత సినిమాలో మాంత్రికుడికి తల్లి లేదని, తారల పట్టికలో ముసలావిడే లేదని, పదో రీలు ఆఖర్లో వాడు ఉన్న చోటుకీ పదమూడో రీలు మొదట్లో ఉన్న చోటుకీ మధ్య గుహే రాదని, ఒక్కొక్కటి నెమ్మదిగా చెప్పింది. నిర్మాత వినలేదు. మరి ఆ రెండు రీళ్ళూ నువ్వు చూశావా అని అడిగాడు. చిన్నప్పుడు చూశాను, గుర్తులేదు అంది. నీకు గుర్తులేదు, ఈ అయిదుగురికీ గుర్తుంది అన్నాడు.

అప్పుడది నావైపు తిరిగింది. కోపంగా కాదు. "మామయ్యా, నువ్వు నిజంగా చూశావా?"

కళ్ళు మూసుకుని వెతికాను. పదకొండో రీలు ఆఖరి నిమిషం నాకు బాగా గుర్తు. గుర్రాలు. దుమ్ము. చుక్క. తల్లి నా కళ్ళలో లేదు, చెవిలో ఉంది. మెషిన్ రొద మీద నుంచి చెవిలో అరిచిన చిన్న గొంతులో ఉంది. ఆరేళ్ళ పిల్ల, బడి సంచీ ఒళ్ళో పెట్టుకుని, కౌంటరు ఎప్పుడు మూస్తారా అని ఎదురుచూస్తూ చెప్పిన ముక్క అది. తెర మీద ఉందో లేదో నేనెన్నడూ వంగి చూడలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నేను తీసుకోవాలనే చూశాను. లేచి నిలబడి, బాబూ, నేను ఆ సినిమా చూడలేదు, రీళ్ళ చివరలు తప్ప ఏమీ చూడలేదు, ఈ పిల్లే చిన్నప్పుడు నాకు కథ చెప్పేది, తల్లి ముక్క అదే కల్పించి ఉంటుంది అన్నాను. ముప్పై ఏళ్ళ అబద్ధపు గౌరవం నలుగురిలో కింద పెట్టేస్తే ఒళ్ళు తేలిక కావాలి. తేలిక కాలేదు. నన్నెవరూ నమ్మలేదు.

టైలరు నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. "ఊరుకోవయ్యా. మేనకోడలి మీద ప్రేమ ఉండొచ్చు. దాని కోసం ఈ వయసులో అబద్ధం ఆడతావా? నూట నలభై రోజులు ఆడించి చూడలేదంటే పిల్లి పాలు చూడలేదన్నట్టుంది" అన్నాడు.

దేవుడి దగ్గర ఏం అడిగి వెళ్ళానో గుర్తొచ్చింది. చెరుపు చేసే మాట మొదటిసారికే వచ్చింది. మేలు చేసే మాట రెండోసారి వచ్చింది, అప్పటికి దాన్ని కొనేవాడు లేడు. ఆయన విన్నాడా, విని ఊరుకున్నాడా, లేక ఆ నిమిషంలో ఇంకో రీలు ఎక్కిస్తున్నాడా? తప్పు మాటే. అనుకోకుండా ఉండలేకపోయాను.

ఇంటికి వచ్చి మా ఇంటావిడకి చెబితే చాట పక్కన పెట్టేసి నావైపు చూసింది. తల్లెక్కడిదండీ, నేను నాలుగుసార్లు చూశాను, తల్లీ లేదు, పినతల్లీ లేదు అంది. మరి నేను అందరికీ చెబుతుంటే ఇన్నేళ్ళూ ఊరుకున్నావేమిటి అన్నాను. "మీరు చెప్పింది బాగుండేది" అంది. మళ్ళీ చాట అందుకుంటూ, అయినా చూసినదాని మాట ఎవరు వింటారండీ, ఆడించినాయన ఉండగా అంది.

మర్నాడు ఆవిడని వెంటబెట్టుకుని నిర్మాత ఆఫీసుకి వెళ్ళాను. సాక్షిని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళాను. మంచివాడే, లేచి నిలబడ్డాడు, కాఫీ తెప్పించాడు. మా ఇంటావిడ సూటిగా, ఎక్కడా తడబడకుండా చెప్పింది. ఏ ఆటకి ఎవరితో వెళ్ళిందో, ఏ కుర్చీలో కూర్చుందో కూడా చెప్పింది. ఆయన అంతా విని తలూపాడు.

"నమ్ముతానమ్మా. తల్లి లేకపోవచ్చు. నాకు కావలసింది అది కాదు. ఉన్న సినిమా రెండుంపావు గంటలు చూపిస్తే ఎవరి కన్నూ చెమ్మగిల్లలేదు. లేని సీను రెండు నిమిషాలు నోటితో చెబితే అయిదుగురూ ఏడ్చారు. నేనేం చెయ్యాలో మీరే చెప్పండి" అన్నాడు.

ఆయన అన్నదాంట్లో తప్పు వెతికాను, దొరకలేదు. అయితే ఆ సీను ఈ పిల్లతోనే తీయించండి బాబూ అన్నాను. అడిగానండీ, పాతదాంట్లో లేనిదాన్ని ఉందని చెప్పి తీయలేను అంది, సరే తీసేవాళ్ళు తీస్తారన్నాను అన్నాడు. ఇంకో దర్శకుడు వచ్చే వారం మొదలుపెడతాడు. పెద్ద పేరు అతనిది, దీని పేరు కింద సహకారం అని వస్తుంది. మెట్ల దాకా వచ్చి నన్ను సాగనంపుతూ, మీరు దారి చూపించారు పెద్దాయనా, మర్చిపోను అని చేతులు జోడించాడు. ఆ నమస్కారం నా చేతుల్లో ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నాలుగు రోజులు డబ్బాకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. అయిదో రోజు మధ్యాహ్నం తనే వచ్చింది. చెప్పులు విప్పి, అత్తయ్యా ఆకలేస్తోంది అని, అన్నం తిని, ముందుగదిలో చాప వేసుకుని రెండు గంటలు పడుకుంది. నేను పక్క కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చున్నాను. ఒక్క అక్షరం చదవలేదు. నిద్రలో దాని నుదురు అచ్చం మా చెల్లెలి నుదురు లాగే ముడిపడుతోంది.

లేచాక టీ తాగుతూ, అక్కడ సరంజామా అంతా అప్పగించేశానని చెప్పింది. తల్లి వేషానికి మనిషిని కూడా చూశారట. తప్పు చేశానమ్మా అన్నాను. అది తల అడ్డంగా ఊపింది. నువ్వు నిజం అనుకునే చెప్పావు, కాదని తెలిశాక అదీ చెప్పావు, ఇంకేం చేస్తావు అంది. ఓదారుస్తున్నట్టు అంది గానీ నాకు ఓదార్పు కాలేదు. నిజం అనుకునే రెండుసార్లు చెప్పి రెండుసార్లూ దాన్నే ముంచాను.

కాసేపయ్యాక, "ఆ తల్లి సీను నేనే చెప్పానా నిజంగా? నాకు ఒక్క ముక్క గుర్తు రావడం లేదు. ఒకసారి చెప్పు మామయ్యా" అంది.

చెప్పాను. మొన్న హాల్లో చెప్పినట్టు కాదు, అది చెప్పినట్టే చెప్పడానికి ప్రయత్నించాను. ఇప్పుడేమైందో తెలుసా అని మొదలుపెట్టి, కొండెక్కేటప్పుడు ఆవిడ చెప్పు తెగిపోయిందని, రెండోది కూడా అక్కడే విడిచేసిందని, వాడు ఎవరమ్మా నువ్వు అంటే, ఏం లేదులే బాబూ, ఊరికే వచ్చాను అందని, హాల్లో వదిలేసిన ముక్కలన్నీ గుర్తు తెచ్చుకుని చెప్పాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. డబ్బా మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని, ఎవరో రాసిన కథ వింటున్నట్టు విన్నది.

"అమ్మ కౌంటర్ మూసి వచ్చేది ఆ టైముకే" అంది.

అవునన్నాను.

"నాకు ఇదేం గుర్తులేదు. ఒక్కటి మాత్రం గుర్తుంది. ఎంత బాగా చెప్పినా, బాగుందా మామయ్యా అని చొక్కా పట్టుకుని ఎన్నిసార్లు అడిగినా, ఒక్క రోజు బాగుందని అనలేదు నువ్వు. ఉండవే, రీలు మార్చాలి అనేవాడివి" అంది. నవ్వుతూనే అంది.

నిజమే. రోజూ అడిగేది. రోజూ ఆ సమయానికే మొదటి చుక్క పడేది. ఆట అయ్యాక చెబుదాంలే అనుకునేవాణ్ణి, ఆట అయ్యేసరికి అది మా చెల్లెలి భుజం మీద నిద్రపోతూ మెట్లు దిగిపోయేది. మొన్న కొత్త సినిమా చూపించి అది తెలుసుకోవాలనుకున్నదీ అదే. అప్పుడూ చెప్పలేకపోయాను.

కొత్తదాన్ని గురించి ఇప్పుడు నేనేం చెప్పినా దానికి పనికిరాదు. పేరు పోయింది, సినిమా పోయింది, తిరిగి ఇప్పించే శక్తి నాకు లేదు. ఇవ్వవలసినది ఒక్కటే మిగిలింది, అదీ ఎప్పటిదో. కుర్చీలోంచి దిగి దాని పక్కన చాప మీద కూర్చున్నాను. మోకాళ్ళు పట్టేశాయి.

"బాగుందే. నేను చూసిన సినిమా అదొక్కటే. చాలా బాగుంది" అన్నాను.

అది మొహం పక్కకి తిప్పుకుని, "రీలు మార్చడానికి ఇంతసేపా మామయ్యా?" అంది.